పెద్ద సముద్రపు చేపలు: ఏ గాలానికి ఏది పడుతుంది, ఎందుకు పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

సూర (టూనా), కొమ్ముకోనెం, స్వోర్డ్‌ఫిష్, సొర లాంటి పెద్ద చేపల వేట గురించి నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను. విశాఖ హార్బర్ దగ్గర పెరిగినవాళ్లు, కొత్తగా బోటు కొందామనుకునేవాళ్లు, ఫిషరీస్ చదివే పిల్లలు, అందరూ చివరికి ఒకటే అడుగుతారు: "ఏ గాలం వేస్తే ఎక్కువ పడతాయి?" నా సమాధానం కూడా ప్రతిసారీ ఒకటే. ఎక్కువ అంటే ఏ చేప ఎక్కువ? అది తేల్చుకోకుండా గాలం మార్చినా, తాడు మార్చినా చివరికి మిగిలేది డీజిల్ ఖర్చే.

క్యాచ్ రేటు అని దేన్ని అంటారు?

వేసిన గాలాలకు పడిన చేపల లెక్క. మన దగ్గర సర్వేల్లో 100 గాలాలకు ఎన్ని పడ్డాయో చెప్తారు, బయటి దేశాల్లో ఎక్కువగా 1000 గాలాలకు లెక్కేస్తారు. ఎవరైనా "మా రేటు 8" అంటే ముందు అది వందకా, వెయ్యికా అని అడగండి. తర్వాత ఆ లెక్క చేపలదా, కిలోలదా అని అడగండి. 30 కిలోల ఎల్లోఫిన్ సూర ఒకటి, 3 కిలోల ఎల్లోఫిన్‌లు పది, రెండూ బరువులో ఒకటే అయినా రేవులో వాటి ధర ఒకటి కాదు, సముద్రానికి జరిగే నష్టమూ ఒకటి కాదు. ఆ మూడు కిలోలవి ఇంకా గుడ్లు పెట్టని పిల్లలు.

లాంగ్‌లైన్ ఎప్పుడూ చూడలేదు. ఎలా ఉంటుంది?

గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం గుర్తు తెచ్చుకోండి. రెండు మేకుల మధ్య తాడు కిందికి కుంగి ఉంటుంది, దానికి ఆకులు వేలాడుతుంటాయి. సముద్రంలో మేకుల స్థానంలో నీటి మీద తేలే బోయలు, ఆకుల స్థానంలో గాలాలు. ఇలాంటి తోరణాలు వరసగా పదుల కిలోమీటర్లు సాగుతాయి, పెద్ద ఓడలైతే ఒక్క వేటలో 2000, 3000 గాలాలు కూడా వేస్తాయి. మెయిన్ లైన్ నుంచి కిందికి వేలాడే తాడును బ్రాంచ్ లైన్ అంటారు, గాలానికి ఆనుకుని ఉండే చివరి ముక్కను లీడర్ అంటారు. ఆ చివరి ముక్క గురించి కింద చాలా చెప్పాల్సి ఉంది.

రెండు బోయల మధ్య గాలాల సంఖ్య మారిస్తే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. నన్నడిగితే అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే. రెండు బోయల మధ్య నాలుగైదు గాలాలే ఉంటే తోరణం పెద్దగా కుంగదు, గాలాలు పైనీళ్లలోనే ఉంటాయి. అదే 15, 20, ఇంకా పైన పెట్టి, బోటు నడిచే వేగం కంటే ఎక్కువ వేగంతో తాడు వదిలితే మధ్యలో గాలాలు 300 మీటర్ల కిందికి కూడా వెళ్తాయి. గాలం అదే, ఎర అదే, బోటు అదే, కానీ పడే చేప మాత్రం మారిపోతుంది.

బిగ్‌ఐ సూర పగలంతా లోతులో, చల్లటి నీళ్లలో, ఆక్సిజన్ తక్కువున్నచోట కూడా తిరగగలదు. ఎల్లోఫిన్‌కు ఆ ఓపిక లేదు, అది ఎక్కువ సమయం పైనున్న వెచ్చటి పొరలోనే గడుపుతుంది. స్వోర్డ్‌ఫిష్ పగలు లోతుకు దిగి, రాత్రి మేత వెంట పైకి వస్తుంది, అందుకే దానికి రాత్రి పూట, తక్కువ లోతులో గాలం వేస్తారు. బంగాళాఖాతంలో ఇంకో సంగతుంది. ఇక్కడ సుమారు 100 మీటర్లు దాటేసరికే నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. పసిఫిక్‌లో పనిచేసిన లోతు లెక్కల్ని తెచ్చి ఇక్కడ ఎల్లోఫిన్ కోసం వేస్తే, సగం గాలాలు చేప లేని నీళ్లలో వేలాడుతుంటాయి. పుస్తకంలో చదివిన లోతును కాపీ కొట్టొద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

కాగితం మీద లెక్కేసిన లోతుకు గాలం నిజంగా దిగదు కూడా. ప్రవాహం తాడును పక్కకు లాగి పైకి లేపుతుంది. అరచేతిలో పట్టే డెప్త్ రికార్డర్‌ను తాడుకు కట్టి ఒక్కసారి వేసి చూసుకుంటే, ఇన్నాళ్లూ ఎక్కడ వేటాడుతున్నామో అప్పుడు తెలుస్తుంది.

రౌండ్ గాలానికి, మామూలు జె గాలానికి ఏమిటి తేడా?

దీనికి మాటల కంటే చేతులు బాగా పనికొస్తాయి. ఒక మందపాటి తువ్వాలు తీసుకోండి, రెండు గాలాలకూ దారం కట్టండి, జాగ్రత్తగా పట్టుకోండి. జె గాలాన్ని తువ్వాలు మీద పెట్టి లాగితే, మొన ముందుకు చూస్తుంటుంది కాబట్టి తగిలినచోటే దిగిపోతుంది. రౌండ్ గాలం మొన లోపలికి, కాడ వైపుకి తిరిగి ఉంటుంది. దాన్ని లాగితే బట్ట మీద జారుకుంటూ వస్తుంది, ఎక్కడా దిగదు. జారి జారి తువ్వాలు మడత అంచుకు వచ్చేసరికి మాత్రం ఒక్కసారి మెలి తిరిగి ఆ అంచును పట్టేసుకుంటుంది. చేప నోట్లో జరిగేది అదే. మింగిన గాలం గొంతులోంచి జారి, దవడ మూలకు వచ్చి అక్కడ పట్టుకుంటుంది.

దీనివల్ల రెండు లాభాలు. దవడ మూల గట్టిగా ఉంటుంది కాబట్టి ఒకసారి పట్టిన సూర ఊడిపోవడం తక్కువ. గొంతు, కడుపు చిరగవు కాబట్టి చేప బోటు దాకా బతికే వచ్చే అవకాశం ఎక్కువ. బతికొచ్చిన సూర మాంసం రంగు నిలుస్తుంది, రేటు పలుకుతుంది. వద్దనుకున్నదాన్ని వదిలేస్తే అది బతుకుతుంది కూడా.

చేతి గాలం వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. చిన్నప్పటి నుంచి మనకు అలవాటైన పని, చేప ముట్టగానే ఒక్క ఊపు ఊపి లాగడం. రౌండ్ గాలంతో ఆ ఊపు పనికిరాదు. అలా గుంజితే అది మెలి తిరిగే లోపే నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది. తాడు బిగిసేదాకా ఆగి, నిదానంగా బరువు పెంచుతూ లాగాలి. "రౌండ్ గాలం వేశాం, ఏమీ పడలేదు" అన్నవాళ్లలో చాలామంది దగ్గర నేను చూసిన తప్పు ఇదే, గాలం మార్చారు కానీ చెయ్యి మార్చలేదు.

రౌండ్ గాలం వేస్తే పట్టుబడి తగ్గుతుందంటారు. నిజమా?

కొన్ని చేపలకు నిజం, కొన్నిటికి అబద్ధం. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ హవాయి. అక్కడ స్వోర్డ్‌ఫిష్ కోసం పైనీళ్లలో వేసే లాంగ్‌లైన్లకు సముద్ర తాబేళ్లు బాగా చిక్కుతున్నాయని 2001లో ఆ వేటను ఆపించారు. 2004లో మళ్లీ తెరిచారు, కానీ షరతులతో: 18/0 అనే పెద్ద సైజు రౌండ్ గాలం, ఎరగా స్క్విడ్ బదులు కానాగంత జాతి చేప, ప్రతి ట్రిప్పుకూ బోటులో ఒక పరిశీలకుడు. దీనికి తోడు ఏడాదికి లాగర్‌హెడ్ జాతి తాబేళ్లు 17, లెదర్‌బ్యాక్ జాతివి 16, వీటిలో ఏ లెక్క నిండినా వేట అక్కడితో బంద్. 2006లో మార్చి నెలలోనే 17 లెక్క పూర్తయి నిజంగానే మూసేశారు.

తర్వాత లెక్కలు తీస్తే లాగర్‌హెడ్ తాబేళ్లు తగలడం 90 శాతం, లెదర్‌బ్యాక్‌లు 83 శాతం తగ్గాయి. సొరలు 36 శాతం తగ్గాయి. స్వోర్డ్‌ఫిష్ రేటు 16 శాతం పెరిగింది! అంటే ఆ వేటకు అసలు కావాల్సిన చేప పెరిగింది. కానీ అక్కడే టూనాల రేటు సగానికి పడిపోయింది. అదే గాలం, అదే ఎర, అదే బోట్లు. స్వోర్డ్‌ఫిష్ అమ్ముకునేవాడికి అది వరం, అదే గేర్‌తో (గాలం, తాడు, ఎర లాంటి వేట సరంజామాతో) సూర కోసం వెళ్లుంటే నష్టం. అందుకే ఎవరైనా "ఈ గేర్ బెస్ట్" అన్నారంటే ఏ చేపకో చెప్పేదాకా నేను నమ్మను.

ఆ తేడా గాలం వల్లా, ఎర వల్లా?

మంచి ప్రశ్న. హవాయిలో రెండూ ఒకేసారి మార్చారు కాబట్టి ఆ లెక్కల్లో దేని వాటా ఎంతో విడదీయలేం. అట్లాంటిక్‌లో అమెరికా వాళ్లు 2001 నుంచి 2003 దాకా చేసిన ప్రయోగాల్లో వీటిని విడివిడిగా చూశారు. రౌండ్ గాలానికి స్క్విడ్ గుచ్చితే స్వోర్డ్‌ఫిష్ తగ్గింది, చేప ఎర గుచ్చితే పెరిగింది. చేప ఎరతో బిగ్‌ఐ సూర మాత్రం బాగా పడిపోయింది. అంటే ఎర కూడా గాలమంత పని చేస్తోంది.

తాబేలు సంగతికొస్తే, స్క్విడ్ రబ్బరులా ఉంటుంది, కొరికితే తెగదు, దాంతో తాబేలు గాలంతో సహా మొత్తం మింగేస్తుంది. చేప ఎరైతే మెత్తగా ఉంటుంది, ముక్క ముక్కగా గాలం మీంచి కొరుక్కుని తినేసి వెళ్లిపోతుంది. అదే మెత్తదనం మనకు ఇబ్బంది కూడా, చిన్న చేపలు పొడిచినా, అలలకు ఊగినా ఎర ఊడిపోయి ఖాళీ గాలం మిగులుతుంది. ఎర ఊడిన గాలాల్ని కూడా లెక్కలో వేసి "రేటు తగ్గింది" అనుకోవడం మామూలే. తాడు లాగేటప్పుడు ఎన్ని గాలాలు ఎరతో వచ్చాయో, ఎన్ని బోసిగా వచ్చాయో ఒకరు గీతలు పెడుతుంటే చాలు, విషయం అర్థమైపోతుంది.

ఎర తాజాదనం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఐసులో రెండుసార్లు కరిగి గడ్డకట్టిన కవళ్లు గాలం మీద నిలవవు.

గాలం సైజు పెంచితే పెద్ద చేపలే పడతాయా?

పాక్షికంగా. పెద్ద గాలం చిన్న నోళ్లలో పట్టదు కాబట్టి చిన్నవి తగ్గుతాయి. కానీ పెద్ద చేప చిన్న గాలాన్ని కూడా మింగుతుంది, పెద్దవి పెరుగుతాయన్న గ్యారంటీ ఏమీ లేదు. కొన్ని గాలాల మొనను కాస్త పక్కకు వంచి తయారు చేస్తారు. ఆ వంపు ఎక్కువైతే రౌండ్ గాలం కూడా జె గాలంలాగే లోపల దిగడం మొదలుపెడుతుంది. హవాయిలో ఆ వంపు 10 డిగ్రీలు దాటకూడదన్నారు.

లీడర్‌కు స్టీల్ వైరు వాడాలా, నైలానా?

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయమే ఉంది. సూర కోసం వెళ్తుంటే నైలానే వాడండి.

వైరు వాడేవాళ్లు చెప్పే కారణం తెలుసు: సొర కొరికినా తెగదు, గాలం పోదు. నిజమే. నైలాన్ లీడర్‌ను సొర పళ్లతో కోసేసుకుని పోతుంది. తెగి వచ్చిన లీడర్‌ను వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, ముడి దగ్గర జారితే చివర శుభ్రంగా, కాస్త వంకర తిరిగి ఉంటుంది. సొర కొరికితే చివర గరుగ్గా, పీచులా లేచి ఉంటుంది, దానికి రెండు మూడు అంగుళాల పైన కూడా గీతలు కనిపిస్తాయి. అలాంటి లీడర్లు ట్రిప్పుకు పదో ఇరవయ్యో వస్తే కడుపు మండుతుంది, కాదనను.

కానీ ఆస్ట్రేలియా తూర్పు తీరంలో బోట్ల మీద వైరు, నైలాన్ రెండూ పక్కపక్కనే వేసి పోల్చి చూశారు. నైలాన్‌కు సొరలు తక్కువ వచ్చాయి, అందరూ అనుకున్నదే. బిగ్‌ఐ సూర మాత్రం నైలాన్‌కే ఎక్కువ పడింది. సూరకు చూపు చురుకు, గాలం పైన మెరిసే వైరును చూసి తప్పుకుంటుందని అనుకోవడానికి బలమైన కారణం ఉంది. ఎక్కువ పడిన సూర ధరలో పోయిన గాలాల ఖర్చు వచ్చేసింది. హవాయిలో లోతు లాంగ్‌లైన్ల వాళ్లకు 2022 మే నెలాఖరు నుంచి వైరు లీడర్లు నిషేధం. వైట్‌టిప్ సొర లాంటివి అంతరించే స్థితికి రావడమే దానికి కారణం.

రౌండ్ గాలం, నైలాన్ లీడర్ కలిపి వాడేటప్పుడు ఒక చిక్కు ఉంటుంది. జె గాలాన్ని సొర లోపలికి మింగేస్తుంది, నైలాన్ పళ్ల మధ్య పడి తెగుతుంది, ఆ సొర మన లెక్కలోకి రాదు. రౌండ్ గాలం దవడ మూలన పట్టడంతో నైలాన్ పళ్లకు దూరంగా ఉంటుంది, సొర బోటు దాకా వస్తుంది. దాంతో కొన్నిచోట్ల "రౌండ్ గాలానికి సొరలు ఎక్కువ పడుతున్నాయి" అన్న లెక్కలొచ్చాయి. నిజానికి ముందు కూడా తగిలేవేమో, తెంపుకుని పోయేవి. మన కంటపడని చేప కూడా ఉందని ఈ ఒక్క విషయంలో బాగా తెలుస్తుంది.

ఎంతసేపు నీళ్లలో ఉంచాలి?

ఎక్కువసేపు ఉంచితే సొరలు, స్వోర్డ్‌ఫిష్ పెరుగుతాయి. చిన్న సూర లాంటివి పట్టిన తర్వాత ఊడిపోవడమో, ఇంకో చేప తినేయడమో జరుగుతుంది. గాలానికి పట్టి ఉన్న సూరను సొర కొరికేస్తే, మిగిలిన తలకాయను మార్కెట్‌లో ఎవరూ కొనరు. గాలం వేసే వేళ కూడా అంతే ముఖ్యం, తెల్లవారుజామున, సాయంత్రం చేపలు పొరలు మారే సమయంలో గాలం ఏ లోతులో ఉందో చూసుకోండి.

మెరిసే లైట్ స్టిక్కులు పనిచేస్తాయా?

రాత్రి స్వోర్డ్‌ఫిష్‌కు పనిచేస్తాయి. తాబేళ్లను కూడా రప్పిస్తాయి.

మా ఊరి ఫైబర్ తెప్పలకు ఇవన్నీ ఎందుకు? మేం చేతి గాలం వేస్తాం.

మీకే ఎక్కువ కావాలి. విశాఖ, పూడిమడక వైపు చిన్న బోట్లలో రెండు మూడు రోజులు సముద్రం మీద ఉండి, గాలంతో సూర, కొమ్ముకోనెం పట్టి తెచ్చేవాళ్లకు వందల గాలాలు వేసే అవకాశం ఉండదు. ఉన్న కొద్ది గాలాల్లో ఏదీ వృథా కాకూడదు. పైగా ఒక్కొక్కటిగా పట్టే చేప కాబట్టి వెంటనే రక్తం తీసి ఐసులో పెట్టే వీలు మీకే ఉంది, పెద్ద ఓడలో అంత శ్రద్ధ కష్టం.

చేతి గాలంలో గేర్ అంటే ప్రాణం కూడా. 2025 జూలైలో పూడిమడక నుంచి వేటకెళ్లిన ఒక మత్స్యకారుడిని గాలానికి తగిలిన పెద్ద కొమ్ముకోనెం తాడుతో పాటు సముద్రంలోకి లాగేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. తాడును చేతికి చుట్టుకోవద్దు, ఎంత అనుభవం ఉన్నా వద్దు. లాగిన తాడు కాళ్ల దగ్గర చుట్టలుగా పడి ఉండకుండా ఒక బుట్టలోకి తీయండి. కత్తి చేతికందేచోట కట్టి ఉంచండి. లాగలేని చేపకు తాడు కోసేయడంలో తప్పేమీ లేదు, ఇంట్లోవాళ్లకు ఆ చేప అక్కర్లేదు, మీరు కావాలి.

వలల సంగతేమిటి? వాటితో ఎక్కువ పడుతుంది కదా.

పడుతుంది, అన్నీ పడతాయి. అదే సమస్య. గాలానికి ఆకలేసిన చేప వస్తుంది, వల మాత్రం అటుగా వచ్చినదాన్నల్లా పట్టేస్తుంది. నీటితో పాటు కొట్టుకుపోయేలా వదిలే భారీ డ్రిఫ్ట్ వలలను 1992 చివరి నుంచి అంతర్జాతీయ జలాల్లో ఆపాలని ఐక్యరాజ్యసమితి తీర్మానించింది. పాకిస్తాన్ మత్స్యకారులు ఒక చిన్న మార్పు చేసి చూశారు, వల పైఅంచును నీటి మట్టానికి రెండు మీటర్లు కిందికి దించారు. ఊపిరి కోసం పైకి వచ్చే తాబేళ్లు, డాల్ఫిన్లు చిక్కడం బాగా తగ్గింది. కొత్త వల కొనక్కర్లేదు, బోయల తాడు పొడవు పెంచితే సరిపోయింది.

పెద్ద ఓడల చుట్టువలల కథ వేరు. తేలే దుంగో, తెప్పో సముద్రంలో వదిలితే దాని కింద చేపలు గుమిగూడతాయి, మొత్తాన్ని ఒకేసారి చుట్టేస్తారు. స్కిప్‌జాక్ (చిన్న జాతి సూర) కోసమే వేసినా ఎల్లోఫిన్, బిగ్‌ఐ పిల్లలు కూడా వచ్చేస్తాయి. పెరిగి మన గాలాలకు తగలాల్సినవి ఎన్నో అక్కడే అయిపోతాయి.

మాల్దీవుల్లో, మన లక్షద్వీప్‌లో చేసే కర్ర గాలం వేట దీనికి పూర్తిగా భిన్నం. బతికున్న చిన్న చేపల్ని నీళ్లలోకి చల్లి, పైన నీటి తుంపర కొట్టి, ముల్లు (మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న కొక్కెం) లేని గాలంతో స్కిప్‌జాక్‌ను ఒక్కొక్కటిగా ఎగరేస్తారు. ముల్లు లేకపోవడంతో చేప బోటు మీద పడగానే గాలం ఊడి వస్తుంది, వెంటనే మళ్లీ వేయొచ్చు. తాబేలు, సొర దాదాపు ఉండవు. మన తూర్పు తీరంలో దీన్ని ఎందుకు చేయరని కొందరు అడుగుతారు. రోజూ బతికున్న ఎర కావాలి, పగడపు దీవుల మడుగుల్లో అది దొరికినట్టు ఇక్కడ దొరకదు.

క్యాచ్ రేటు తగ్గితే సముద్రంలో చేపలు తగ్గిపోయినట్టేనా?

ఒక్కోసారి అవును, ఒక్కోసారి గేర్ మారిందంతే. 2003లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, 1950ల నుంచి ఉన్న జపాన్ లాంగ్‌లైన్ లెక్కలు తీసుకుని, పెద్ద చేపలు సుమారు 90 శాతం తగ్గిపోయాయని చెప్పింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. వెంటనే మిగతా శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు: 1970ల మధ్య నుంచి జపాన్ ఓడలు బిగ్‌ఐ కోసం గాలాలను లోతుకు దించాయి, కాబట్టి పైనీళ్లలో తిరిగే చేపల రేటు తగ్గడంలో వింతేముంది, లోతు మార్పును సరిచేయకుండా పాత రేటుతో పోలిస్తే ఎలా, అని. చేపలు తగ్గలేదని కాదు వాళ్ల మాట, ఎంత తగ్గాయన్నది ఒక్క రేటుతో తేల్చలేమని.

తలకిందులుగా కూడా జరుగుతుంది. ఇప్పుడు తేలే తెప్పలకు కట్టిన పరికరాలు కింద ఎంత చేప ఉందో శాటిలైట్ ద్వారా ఓడకు చెప్పేస్తాయి. చేప ఉన్నచోటికే వెళ్లి వల వేస్తారు కాబట్టి, సముద్రంలో చేప తగ్గుతున్నా వలకు పడేది తగ్గినట్టు కనిపించదు. నాకు ఎక్కువ భయం దీనిదే.

సరే, ఒకేసారి అన్నీ మార్చలేను. దేనితో మొదలుపెట్టాలి?

ఒక 50 పేజీల నోటు పుస్తకంతో. ఒక ట్రిప్పులో సగం గాలాలు పాతవి, సగం కొత్తవి, ఒకటి విడిచి ఒకటి వేయండి, అప్పుడే వాతావరణం, చోటు, రోజు రెండిటికీ ఒకటే అవుతాయి. ఒక ట్రిప్పు పాతదానితో, ఇంకో ట్రిప్పు కొత్తదానితో వెళ్లి పోలిస్తే మీరు పోల్చేది గాలాన్ని కాదు, రెండు వేర్వేరు వారాల్ని. ప్రతిసారీ ఒక్కటే మార్చండి, ముందు లీడర్, అది తేలాక గాలం, ఆ తర్వాత ఎర. ప్రతి చేపకు ఏ గాలానికి పడింది, ఎక్కడ గుచ్చుకుంది, బతికి వచ్చిందా, ఎన్ని కిలోలు, ఈ నాలుగు రాయండి. తెగిన లీడర్లు, బోసి గాలాలు, వదిలేసిన తాబేళ్లు కూడా రాయండి. ఒక్క ట్రిప్పుకే తేల్చేయకండి, పది చేపల మీద నిర్ణయం తీసుకుంటే అదృష్టం మీద తీసుకున్నట్టే. కనీసం ఒక సీజన్ రాయండి. పెన్ను వద్దు, తడికి ఇంకు పాకిపోతుంది, పెన్సిల్ వాడండి.